అమ్మ వేళ్లకు సెలవు

మా అమ్మ భీమమ్మ చూసినన్ని ఊళ్లు మా కోసిగి మండలంలో ఏ పెద్దమనిషీ చూసి ఉండడు. గుంటూరు చూసింది, బళ్లారి చూసింది, బెంగళూరు చూసింది, ముంబై పక్కన ఏదో వంతెన కడుతుంటే అక్కడా ఉంది. అయితే ఏం చూసినావమ్మా అని అడిగారనుకోండి, చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు. గుంటూరంటే మిరప సాళ్లు. బళ్లారంటే ఇటుకలు. బెంగళూరంటే సిమెంటు తట్ట. పని లేని ఊరికి ఆమె జన్మలో ఒక్కసారీ పోలేదు. అలాంటి మనిషికి చైనా, జపాన్ చూపిస్తానని నేను నడుం కట్టాను. పోయిన ఎండాకాలం మా ఇల్లు తలకిందులైంది అందువల్లే.

నేను యశోదను. ఆర్టీసీలో కండక్టర్ని, ఆదోని డిపో. నాకు కోపం ఎక్కువని బస్సులో అందరూ అంటారు. అనరా మరి? పది రూపాయల టికెట్టుకు ఐదు వందల నోటిచ్చి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటే, కోపం రాక ప్రేమ పుట్టుకొస్తుందా? పెళ్లెందుకు చేసుకోలేదని అడిగేవాళ్లను కూడా అలాగే చూస్తాను, చిల్లర లేదు దిగు అన్నట్టు. ఇంట్లో ముగ్గురమే. అమ్మ, నాయన సుంకప్ప, నేను. కొన్ని మేకలు, వాన దయ తలిస్తే పండే ఒక చేను ముక్క ఉన్నాయి.

వాన దయ తలిచేది తక్కువ. అందుకని చలికాలం రాగానే సగం ఊరు పిల్లాజెల్లాతో, చట్టీకుండలతో లారీలెక్కి గుంటూరు వైపు మిరపకోతకు పోతుంది. దాన్ని మేం సుగ్గి అంటాం. నాకు ఉద్యోగం వచ్చాక ఇక మానేయమని ఎంత మొత్తుకున్నా వాళ్లిద్దరూ వినరు. ఈడ కూర్చోని ఏం చేయల్ల అంటారు. పెళ్లయిన నాటి నుంచీ ఇద్దరూ పక్కపక్క సాళ్లు పట్టుకుని, మాటా పలుకూ లేకుండా ఒకే వేగంతో కోసుకుంటూ పోతారని వాళ్ల మేస్త్రి చెప్తుంటాడు.

ఆ ఏడు ఉగాదికి సుగ్గి నుంచి దిగారు. ఇంటికి తెచ్చుకున్న మూట విప్పి అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ, ప్రతి ఏడూ అనే మాటే మళ్లీ అంది.

"ఈ తేజ కాయలు శానా మటుకు చైనాకే పోతాయంట పాపా. ఇంత కారెం తినేటోళ్లు ఎట్లుంటారో ఒక్కసారి చూడల్ల."

ప్రతి ఏడూ నేను ఊఁ కొట్టేదాన్ని. ఆ ఏడు మాత్రం నా పేరు మీద చీటీ ఎత్తి ఉన్నాను. స్కూటీ కొందామని అనుకున్నాను గానీ, ఆ మాట వినగానే స్కూటీ మనసులోంచి జారిపోయింది.

"చూపిస్తా పా" అన్నాను.

అమ్మ తొడిమ తీస్తున్నదల్లా ఆగింది. "ఆడ కోత ఎప్పుడు పడతాది?"

"కోత లేదు, గీత లేదు."

"మరి మేస్త్రి ఎవురు?"

"మేస్త్రిని నేనే. పని లేదమ్మా. ఊరికే చూసేకి పోతాం."

"ఊరికే చూసేకి అంత దూరం యా పిచ్చోళ్లు పోతారు?" అని అమ్మ నాయన వైపు చూసింది. నాయన మేకపిల్లకు పాలు తాగిస్తూ కిసుక్కున నవ్వాడు. "మీయమ్మకు ఆడ ఒక సాలు చూపిచ్చు పాపా, ల్యాకుంటే నిద్ర పట్టదు" అన్నాడు. నువ్వు రావా నాయనా అని అడిగితే, మేకల్ని ఎవురు చూస్తారని తల అడ్డంగా తిప్పాడు. నేనూ గట్టిగా అడగలేదు. నాయనకు ఎమ్మిగనూరు బస్సులోనే తల తిరుగుతుంది, విమానం సంగతి చెప్పాలా?

కర్నూల్లో కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో ఒక మేడ మీద ఉమామహేశ్ అనే కుర్రాడి ఆఫీసు. కాశీ, రామేశ్వరం యాత్రలు తిప్పి తిప్పి ఈ మధ్యే విదేశాల బోర్డు కూడా పెట్టాడు. నా సెలవు రోజు చూసుకుని అమ్మను తీసుకెళ్లాను. అతను కంప్యూటర్‌ను మా వైపు తిప్పి గడగడా చదివాడు. బీజింగ్, షాంఘై, అక్కణ్నుంచి ఒసాకా, క్యోటో, టోక్యో. వారం పైన ఒక రోజు. జూన్ చివర్లో అయితే జనం తక్కువ, ధర తక్కువ.

"ఇందులో మిరపకాయ తినే ఊరు ఏదప్పా?" అంది అమ్మ.

ఉమామహేశ్ నా వైపు చూశాడు. నేను పైకప్పు ఫ్యాను వైపు చూశాను. పాపం, అతను కాసేపు వెతికాడు. "చెంగ్డూ అని ఉందమ్మా. అక్కడ కూరంతా కారమే, నూనెలో మిరపకాయలు తేల్తా ఉంటాయి. కానీ అది మన ప్యాకేజీలో లేదు. అది పెడితే బీజింగ్ తీసేయాలి. బీజింగ్ తీసేస్తే చైనా గోడ పోతుంది. గోడ చూడకుండా చైనా పోయొచ్చినామంటే ఎవరన్నా నమ్ముతారా?"

"గోడ చూసేకి అంత దూరం ఎందుకప్పా? బురుజు ఈడనే ఉండాదిగదా" అని అమ్మ కిటికీలోంచి చెయ్యి చూపించింది.

గోడ పోయింది, చెంగ్డూ వచ్చింది. జపాన్ మాత్రం నా వంతు. ఒసాకా నుంచి టోక్యోకు బుల్లెట్ రైల్లోనే పోవాలని పట్టుబట్టాను. ఆ రైలు గంట కొట్టినట్టు చెప్పిన వేళకు వస్తుందట, కొంచెం ఆలస్యమైతే చేతులు కట్టుకుని క్షమించమంటారట. ఆదోని బస్టాండులో జనం చేత తిట్లు తినే నాలాంటిదానికి అది చూడకపోతే జన్మ దండగ కాదూ?

"ముందు పాస్‌పోర్టు తెండి మేడం" అన్నాడు ఉమామహేశ్. "అది లేకుండా నేను మిమ్మల్ని మంత్రాలయం కంటే దూరం తీస్కపోలేను."

నాకు పాస్‌పోర్టు ఉంది. ఒకప్పుడు గల్ఫ్‌కు పోదామనుకుని తీసుకున్నది. అమ్మకు లేదు. మరో సెలవు రోజు చూసుకుని కర్నూల్లో పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్లాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, అమ్మ సున్నా టికెట్టు కొంగున కట్టుకుని దర్జాగా కూర్చుంది. ఆఫీసులో కాగితాలన్నీ సరిపోయాయి. ఫొటో దిగింది. ఇక వేళ్లు పెట్టడమే మిగిలింది.

అక్కడ కూర్చున్న అమ్మాయి పేరు నిస్సీ. కళ్లద్దాలు, నెమ్మది మాట. అమ్మ చెయ్యి పట్టుకుని గాజుపలక మీద పెట్టించింది. ఎర్ర లైటు వెలిగింది. మళ్లీ పెట్టించింది. మళ్లీ ఎరుపే. తడిగుడ్డతో తుడిచి పెట్టించింది, గట్టిగా ఒత్తమంది, ఒక్కొక్క వేలే పెట్టమంది. మెషీన్‌కు అక్కడ వేలున్నట్టే తెలియలేదు.

"పొద్దున సబ్బు పెట్టి కడుక్కోనే వచ్చినా తల్లీ" అంది అమ్మ, నెమ్మదిగా.

"మురికి కాదమ్మా" అని నిస్సీ అమ్మ వేళ్లను లైటు కిందికి తిప్పి చూసింది. "గీతలు అరిగిపోయినాయి. ఏం పని చేస్తారు?"

ఏం చెప్తుంది మా అమ్మ? ఏ పని చేయలేదో అడిగితే తొందరగా తెమిలేది. మిరప తొడిమ, పత్తికాయ ముల్లు, ఇటుక, సిమెంటు అన్నీ కలిసి ఆ వేళ్లను నున్నగా చేసేశాయి. రేషన్ దగ్గర కూడా నాయన వేలే పెడతాడు గనక ఇన్నాళ్లూ మాకు తెలియలేదు.

ఏ దేశాలకు పోతున్నామో అడిగి తెలుసుకుని నిస్సీ చెప్పింది. "గీతలు ఎక్కడికీ పోవమ్మా, మళ్లీ వస్తాయి. వేళ్లకు సెలవు ఇవ్వండి. ఒక నెలో, నెలన్నరో. మట్టి ముట్టద్దు, గిన్నెలు తోమద్దు, బట్టలుతకద్దు. పొద్దున సాయంత్రం కొబ్బరినూనె రాయండి. అప్పుడు రండి. జపాన్‌లో దిగినాక కూడా వేళ్లు పెట్టించుకుంటారు, అందుకని బాగా రానియ్యండి."

బస్సులో అమ్మ వచ్చే దారంతా అరచేతులు ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటూ కూర్చుంది.

ఇంటికి రాగానే నేను హుకుం జారీ చేశాను. ఈ ఇంట్లో అమ్మ చెయ్యి తడవకూడదు. బావి నుంచి నీళ్లు నేను తెస్తాను, గిన్నెలు నేను తోముతాను. రొట్టె సంగతి అడిగింది అమ్మ. నేను పొద్దున్నే డ్యూటీకి పోతాను. ఇద్దరం నాయన వైపు చూశాం.

"నేనా?" అన్నాడు నాయన, దొంగతనం అంటగట్టినట్టు.

మా నాయన బావి తవ్వాడు, బండ కొట్టాడు, కరెంటు స్తంభాలు మోశాడు. జొన్నపిండి మాత్రం ముట్టలేదు. మరునాడు పొద్దున పొయ్యి ముందు గొంతుకు కూర్చున్నాడు. అమ్మ మంచమ్మీద కూర్చుని, నూనె రాసిన చేతులు గాల్లో పెట్టుకుని మేస్త్రి అయింది.

"నీళ్లు బుడబుడమన్న్యాయా? పిండిలోకి పోయ్. ఇంగ మెదుపు. తట్టు. తట్టమంటే అట్ల గుద్దుతావేందప్పా, అది రొట్టెనా పగోని వీపా?"

రొట్టె పెనమ్మీదికి పోయేలోగా నాలుగు ముక్కలైంది. ఆ ముక్కలు పెనం మీద వరసగా పడ్డాయి. నేను కండక్టరు బ్యాగు భుజానేసుకుంటూ చూసి, "నాయనా, అచ్చం జపానే!" అన్నాను. అమ్మ నవ్వు ఆపుకోలేక మంచం మీద ఒరిగిపోయింది. ఆమె అంతలా నవ్వడం చూసి ఎన్నేళ్లయిందో! నాయనకు కోపం వచ్చింది గానీ, ఆ జపాన్‌ను మాత్రం తనే తిన్నాడు.

పక్కింటి కంబన్న, కరువు పనికి, అదే ఉపాధి హామీ పనికి మేటు, గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏం సుంకప్పా, ఈ ఇంటికి కొత్తకోడలివా?" అని ఎగతాళి చేసేవాడు. నాయన మొదట తలుపు మూసి చేసేవాడు. వారం తిరిగేసరికి తలుపు తెరిచే చేశాడు. పదిహేను రోజులకు గుండ్రంగా వచ్చిన రొట్టెను కంబన్నకే పిలిచి చూపించాడు.

సాయంత్రాలు డ్యూటీ దిగి రాగానే వాకిట్లో నీళ్లు చల్లి కూర్చునేవాళ్లం. రోజుకొక ఊరు. ఫోన్లో బొమ్మలు చూపిస్తూ నేను చదివేదాన్ని. షాంఘైలో నది ఒడ్డున ఆకాశాన్ని తాకే మేడలు చూపిస్తే, "అవి కట్టినోళ్లు యాడ పండుకుంటాండ్రో" అంది అమ్మ. క్యోటోలో రాళ్ల తోట చూపించాను. తెల్ల గులకరాళ్లను గీతలు గీతలుగా దువ్వి, మధ్యలో నాలుగు బండలు పెట్టి ఉంటాయి. జనం గట్టు మీద కూర్చుని వాటినే చూస్తుంటారు.

"రాళ్లు చూసేకి దుడ్లిచ్చి పోతారా?" నాయన కోసిగి కొండల వైపు చూశాడు. "మన చేనుకాడ బోర్డు కడదాం పాపా. మేకలు మేసుకోనీ, జనం చూసుకోనీ."

అమ్మకు అన్నిటికంటే నచ్చింది చెంగ్డూ. మిరపకాయల వల్ల కాదు. ఆ ఊళ్లో తోటల్లో టీ కొట్లున్నాయట. వెదురు కుర్చీలేసుకుని, ఒక గ్లాసు టీ ముందు పెట్టుకుని, పొద్దస్తమానం జనం ఊరికే కూర్చుంటారట. పేకాడుకుంటారు, పిచ్చాపాటీ మాట్లాడుకుంటారు, చెవుల్లో గుబిలి తీయించుకుంటారు.

"పొద్దంతా కూర్చుంటారా? పని చేసుకునేటోళ్లే?"

"పని చేసుకునేటోళ్లే. ముసలోళ్లూ, ఆడోళ్లూ అందరూ."

"ఎవురూ ఏమనరా?"

"ఎవరేమంటారమ్మా?"

అమ్మ ఫోన్ మీదికి వంగి ఆ వెదురు కుర్చీలను మళ్లీ చూసింది. "అయితే ఆడ ఒక పూట ఎక్కువ పెట్టమను ఆ పిల్లోన్ని" అంది. వెంటనే ఉమామహేశ్‌కు ఫోన్ చేసి చెప్పాను. షాంఘైలో ఒక పూట కోసేశాడు.

అంతా సవ్యంగా పోతోందనుకుంటుండగా, ఒకరోజు కోసిగి స్టాపులో కంబన్న నా బస్సెక్కాడు. టికెట్టు తీసుకోకుండా నసుగుతున్నాడు. నాకు చిర్రెత్తింది.

"యాడికప్పా? చెప్పు!"

"యాడికీ కాదు పాపా. మీయమ్మ పొద్దున మా గుంపులో చేరి పలుగు పట్టింది. నేనొద్దన్న్యా. నా మాట వింటుందా? నీకు చెప్పిపోదామని ఎక్కినా" అని తరువాతి స్టాపులో దిగిపోయాడు.

ఆ రోజు బస్సులో నా చేతికి చిక్కినవాళ్లు పాపం ఏ జన్మలో ఏం చేసుకున్నారో! డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి అమ్మ మంచమ్మీద చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది. చూపించమన్నాను. చూపించలేదు. నేనే లాగి చూశాను. లేత చర్మం పగిలి బొబ్బలెక్కి ఉంది. అప్పుడప్పుడే సన్నగా కనపడుతున్న గీతలు మట్టి కొట్టుకుపోయాయి.

"నీకేం పోయేకాలం వచ్చింది? తిండి తక్కువైందా ఈ ఇంట్లో? ఎవరి కోసం చేస్తున్నానీ పనంతా? ఎండలో గొంతు చించుకుని వచ్చి నీళ్లు మోస్తున్నా, నాయన చేతులు కాల్చుకుంటాండాడు, నువ్వేమో దొంగగా పలుగు పడతావా?" ఇంకా చాలా అన్నాను. అన్నీ ఇక్కడ రాయను.

అమ్మ నన్ను అరవనిచ్చింది. నా గొంతు అలిసిపోయాక అంది.

"చేతులు ఊరికే ఉంటే నాకు బయమైతాది పాపా."

"భయమెందుకే?"

"యా ఊరికి పోయినా, యానికొచ్చినారు అని అడుగుతారు. కోతకొచ్చినాం అని చెప్తా. ఇటుకలకొచ్చినాం అని చెప్తా. చెప్తే, సరే ఆ చెట్టుకింద గుడిసె ఏసుకోండి అంటారు. ఇప్పుడు పని లేదంటివి. మీ నాయనా పక్కన ఉండడు. రాత్రి పండుకుంటే అదే మతికొస్తాది. అంత పెద్ద ఊర్లో నన్ను నిలబెట్టి, నువ్వెవురు, యానికొచ్చినావు అంటే నేనేం చెప్పల్ల?"

ఆమె పక్కన కూర్చుని బొబ్బలకు నూనె రాశాను. రాస్తూ రాస్తూ అన్నాను. "చూసేకి వచ్చినా అని చెప్పు."

"అట్ల చెప్పుకోవచ్చునా?"

"చెప్పుకోవచ్చమ్మా. అందరూ చెప్పుకుంటారు."

నాయన మేకల దగ్గర గడ్డి వేస్తూ ఇదంతా వింటున్నాడు. గడ్డి అయిపోయినా అక్కడే నిలబడ్డాడు. తర్వాత కాళ్లు కడుక్కుని వచ్చి, గోడకానుకుని కూర్చుని అన్నాడు.

"నాకు గూడా రాయించు పాపా, ఆ పాసుపోర్టు."

"మరి మేకలు?"

"కంబన్న చూస్తాడు."

"బస్సులోనే నీకు తల తిరుగుతుంది కదా నాయనా?"

"తిరగనీ లే" అన్నాడు. అంతే. అమ్మ ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తింది.

మరునాటి నుంచి కరువు పనిలో అమ్మ చోట నాయన నిలబడ్డాడు. పొద్దున రొట్టెలు తట్టి, పలుగు పార భుజానేసుకుని పోయేవాడు. ఎండెక్కాక వచ్చి గిన్నెలు తోమేవాడు, మేకలకు పచ్చి ఆకు రొట్ట కొట్టుకొచ్చేవాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి బావి నుంచి నీళ్లు కూడా తోడి పెట్టేవాడు. నా వంతు పని నాకు మిగల్లేదు. వద్దంటే వినడు. అమ్మను మాత్రం గడప దిగనిచ్చేవాడు కాదు. నూనె గిన్నె తెచ్చి మంచమ్మీద పెట్టి, "రాసుకో" అని గదమాయించేవాడు. ప్రేమగా చెప్పడం ఆయనకు చేతకాదు లెండి.

నాయన చేతుల గురించి మాకెవరికీ తట్టలేదు. రేషన్ దగ్గర ఆయన వేలు ఎప్పుడూ పడేదిగా! అందుకని నిశ్చింతగా ఉన్నాం. ఉమామహేశ్ మూడో మనిషిని చేర్చుకున్నాడు. నాకు సెలవు కూడా మంజూరైంది. అమ్మ మూటలో జొన్నపిండి పెట్టుకోవచ్చా అని అడిగితే, పెట్టుకో అన్నాను, చైనావాళ్లు రుచి చూస్తారు.

జూన్ మొదట్లో, కర్నూల్లో తొలకరి చినుకులు పడిన రోజు, మళ్లీ పాస్‌పోర్టు ఆఫీసుకు పోయాం. ఈసారి ముగ్గురం. అమ్మకు సున్నా టికెట్టు, నాయనకు నిండు టికెట్టు. నిస్సీ అమ్మను గుర్తుపట్టింది. చెయ్యి పట్టుకుని పలక మీద పెట్టించింది.

పచ్చ లైటు. ఇంకో చెయ్యి. పచ్చ లైటు.

నిస్సీ సంతోషం పట్టలేక తెర మా వైపు తిప్పింది. అమ్మ వేళ్లు పెద్ద పెద్దగా, ఒక్కొక్కటీ సుడులు తిరిగి, దున్నిన చేనులా కనిపించాయి.

"ఇవి నావేనా తల్లీ?" అంది అమ్మ.

"మీవేనమ్మా. ఇట్లాంటివి ఇంకెవరికీ ఉండవు."

అమ్మ ముఖం చూడాల్సింది మీరు. చీర కొంగుతో నోరు మూసుకుని, కళ్లతోనే నవ్వింది. నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. ఆఫీసు కాబట్టి నవ్వే బయటికి రానిచ్చాను.

తర్వాత నాయన కూర్చున్నాడు. చెయ్యి పెట్టాడు. ఎర్ర లైటు. తుడిచి పెట్టాడు. ఎరుపు. బొటనవేలు పెట్టాడు, ఇన్నేళ్లూ రేషన్ బియ్యం తెచ్చిన వేలు. అదీ ఎరుపే. నిస్సీ లైటు కింద ఆ వేళ్లు తిప్పి చూసి, మా వైపు చూసి, మళ్లీ వేళ్ల వైపు చూసింది.

అమ్మ లేచి వెళ్లి నాయన చేతులు పట్టుకుని చూసింది. నేనూ చూశాను. వేళ్ల కొసలు పెనం అంటుకుని కాలి నున్నగా బిగుసుకున్నాయి. బావి తాడు కోసిన చోట్లు నల్లబడ్డాయి. మిగిలినది పలుగు తినేసింది. ఎన్నో ఏళ్లు పలుగు పార పట్టినా నిలబడిన గీతలు, ఆ ఒక్క ఎండాకాలం ఆమె పనీ తన పనీ కలిపి చేసేసరికి చెరిగిపోయాయి.

"నాది వదిలెయ్యి తల్లీ" అన్నాడు నాయన నిస్సీతో. "వీండ్లిద్దరూ పోయొస్తారు. పాపకు సెలవు గూడా దొరికె. నాకు తల తిరుగుతాది ఎట్లైనా."

నిజం చెప్పాలంటే, నా మనసు కూడా అటే పోయింది. సెలవు మంజూరైంది, ఉమామహేశ్ బుకింగ్‌కు సిద్ధంగా ఉన్నాడు, బుల్లెట్ రైలు నా కళ్ల ముందు తిరుగుతోంది. అమ్మ పాస్‌పోర్టు వచ్చేస్తుంది. నాయన ఎటూ మొదట రానన్న మనిషే. నోరు తెరవబోయాను.

"ల్యా" అంది అమ్మ. ఆమె గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "యాడికి పోయినా ఇద్దరం పోయినోళ్లం. చూసేకి ఒక్కదాన్ని పోతానా? ఈయప్ప గీతలు వచ్చేదాకా యా చైనా వద్దు, యా జపానూ వద్దు."

"నువ్వు చూడాలనుకున్నది గదా మే" అన్నాడు నాయన.

"నువ్వు పక్కన ల్యాకుండా నేనేం చూస్తా? చూసి ఎవురికి చెప్పల్ల?" అని, నా వైపు తిరిగి, కొంచెం మెత్తబడి, "ఆ రైలు కొంచెం ఆలస్యమైతే ఏమైతాది పాపా?" అంది.

"అది ఆలస్యం కాదమ్మా, అదే దాని గొప్ప" అన్నాను. ఇక దాచుకోలేక అక్కడే ఏడ్చేశాను. నిస్సీ నీళ్ల సీసా ఇచ్చింది.

బయటికి వచ్చి, వరండాలో నిలబడి ఉమామహేశ్‌కు ఫోన్ చేశాను. పాపం ఆ కుర్రాడు, కార్తీకమాసంలో పోదాం మేడం, అప్పుడు క్యోటోలో ఆకులన్నీ ఎర్రబడతాయి, ఇంకా బాగుంటుంది అన్నాడు. సుగ్గికి లారీలు కదిలే లోపల తిరిగి రావచ్చు కూడా.

ఫోన్ పెట్టేసి నేను మళ్లీ హుకుం జారీ చేశాను. ఈసారి ఇద్దరి మీదా. చేను కంబన్నకు, పంటలో వాటా మీద, కోరుకిచ్చేద్దాం. రొట్టె నేను తడతాను. జపాన్ దాకా ఇద్దరి వేళ్లూ ఏమీ ముట్టకూడదు.

"ఇద్దరం ఊరికే కూర్చోవల్నా?" అన్నాడు నాయన, భయంగా.

"కూర్చో. నేర్పిస్తా. నాకొచ్చు ఇప్పుడు" అంది అమ్మ.

బస్సు ఎమ్మిగనూరు వైపు పోతోంది. ఆ రోజు నాకు డ్యూటీ లేదు, వాళ్ల వెనక సీట్లో కూర్చున్నాను. కిటికీ పక్కన నాయన, ఇటు అమ్మ. కర్నూలు దాటగానే అమ్మ కొంగు ముడిలోంచి చిన్న నూనె సీసా తీసింది. నాయన చెయ్యి లాక్కుని ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క వేలికీ రాయడం మొదలుపెట్టింది. బస్సు నిండా జనం. నాయన సిగ్గుపడి చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. అమ్మ వదల్లేదు. రాయడం అయిపోయింది, సీసా మూత పెట్టేసింది, అయినా చెయ్యి వదల్లేదు. కాసేపటికి నాయన కూడా ఆమె వేళ్లు పట్టుకున్నాడు.

వాళ్లిద్దరూ చేతులు పట్టుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎలా పట్టుకుంటారు? పెళ్లయిన నాటి నుంచీ ఆ చేతులు ఒక్కపూట ఖాళీగా ఉంటే గదా! కండక్టరు వచ్చి టికెట్టు అడిగాడు. వాళ్లు కదల్లేదు. నేనే లేచి ముగ్గురి టికెట్లూ తీసుకున్నాను.